బళ్ళారి ఫౌజీల కాగితాల కష్టం

నవంబరు నెల వచ్చిందంటే బళ్ళారిలో మాజీ సైనికుల సంఘం పనులు చూసేవాళ్లకు తీరిక దొరకదు. పెన్షన్ తీసుకునే ప్రతి మాజీ సైనికుడూ, భర్త పోయాక కుటుంబ పెన్షన్ మీద బతికే ప్రతి ఆడమనిషీ ఏడాదికొకసారి తాము బతికే ఉన్నామని చూపించుకోవాలి. దానికే లైఫ్ సర్టిఫికెట్ అని పేరు. వెనకటికి బ్యాంకు మేనేజరు ముందు నిలబడి సంతకం పెడితే సరిపోయేది. 2014 నుంచి జీవన్ ప్రమాణ్ వచ్చింది, వేలిముద్ర పెట్టాలి. పత్తి ఏరి, మిరపకాయ కోసి అరిగిపోయిన వేళ్లకు యంత్రం ఒక పట్టాన ఒప్పుకోదు. అప్పుడు కంటిపాప చూపించాలి, లేదంటే ఫోనులో ముఖం చూపించాలి. ఆ ఫోను పట్టుకుని ఎదురుగా కూర్చునేది ఎక్కువసార్లు సంఘం మనిషే.

2021 తర్వాత స్పర్శ్ వచ్చింది. దేశంలోని రక్షణశాఖ పెన్షన్లన్నీ ప్రయాగ్‌రాజ్‌లోని పెన్షన్ లెక్కల కార్యాలయం నుంచి నేరుగా ఖాతాలో పడే కంప్యూటర్ పద్ధతి అది. ఆలోచన మంచిదే. మధ్యలో బ్యాంకులు చేసే తప్పులు తగ్గాయి. అయితే పెన్షన్‌దారు పేరు, పుట్టినతేదీ, ఆధార్, ఫోను నంబరు అన్నీ ఒకదానితో ఒకటి కలవాలి. కలవకపోతే మొరపెట్టుకోవడానికి ఎదురుగా మనిషి ఉండడు. 2022 ఏప్రిల్‌లో గుర్తింపు పూర్తికాలేదన్న కారణంతో దేశం మొత్తం మీద 58 వేల మందికి పైగా పెన్షన్లు ఆగాయి. గోల లేచాక ఒక్కసారికి మినహాయింపు ఇచ్చి విడుదల చేశారు. ఆ వార్త పేపర్లో చదివి మరిచిపోయినవాళ్లం మనం. మందుబిళ్ళలకూ, మనవడి ఫీజుకూ ఆ డబ్బే ఆధారమైన ఇళ్లు మాత్రం మరిచిపోలేవు.

ఇది దేశమంతటా ఉన్న కష్టమే. బళ్ళారికి దీని మీద ఇంకో బరువుంది, అది సరిహద్దు పెట్టిన బరువు.

బళ్ళారి ఒకప్పుడు దత్తమండలాల్లో భాగం, మద్రాసు రాష్ట్రంలో జిల్లా. 1800లో నిజాం ఆంగ్లేయులకు అప్పగించిన నేల ఇది. ఇక్కడ పెద్ద దండు ఉండేది. ఒక రైల్వేస్టేషన్ పేరులో కంటోన్మెంటు ఈనాటికీ ఉంది. 1882లో అనంతపురం వేరే జిల్లా అయింది. పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం తర్వాత 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాను చీల్చారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. తగవు మిగిలిన బళ్ళారి తాలూకా సంగతి జస్టిస్ మిశ్రా కమిషన్ తేల్చింది, అది ఇప్పటి కర్ణాటక అయిన మైసూరుకు పోయింది. రాష్ట్రాలు విడిపోయినా చుట్టరికాలు విడిపోలేదు. ఆంధ్ర వైపు హాలహర్వి, హొళగుంద, డి.హిరేహాళ్, బొమ్మనహాళ్ మండలాల జనానికి సంతా, ఆసుపత్రీ, పెద్ద బడీ, పెళ్లి బట్టలూ ఇప్పటికీ బళ్ళారే. కర్ణాటకలోని మోకా, రూపనగుడి వైపు ఇళ్లలో తెలుగు మాట ఇప్పటికీ ఉంది. తెలుగు నాటక నటుడు బళ్ళారి రాఘవ ఊరు కదా!

ఈ నేల నుంచి పట్టాళానికి పోయినవాళ్లు తెలుగు, కన్నడ, ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలు. మద్రాస్ రెజిమెంటుకూ, బెంగళూరు ఇంజనీర్ల దళం ఎంఈజీకీ, ఆర్టిలరీకీ, సిగ్నల్స్‌కూ, ఈఎంఈకీ పోయారు. సిపాయిగా పోయినవాడు చాలావరకు ముప్పై అయిదు, నలభై అయిదేళ్ల మధ్యలో ఇంటికి వచ్చేస్తాడు. అప్పటికి పిల్లలు బడి వయసులో ఉంటారు, తల్లిదండ్రులు ముసలివాళ్లవుతారు. చేతిలో డిశ్చార్జి బుక్కు, పెన్షన్ ఆర్డరు, క్యాంటీను కార్డు. అక్కడి నుంచి మొదలవుతుంది ఆఫీసుల చుట్టూ తిరుగుడు.

హాలహర్వి మాజీ సైనికుడికి బళ్ళారి గంట ప్రయాణం. ఆయన పేరు నమోదై ఉండేది మాత్రం కర్నూలు సైనిక సంక్షేమ కార్యాలయంలో. అక్కడికి పోవాలంటే వంద కిలోమీటర్లు దాటాలి. డి.హిరేహాళ్ ఆయనకు అనంతపురం అంతే దూరం. బళ్ళారిలో ఇల్లు కట్టుకుని స్థిరపడితే ఫైలు రాష్ట్రం మార్పించుకోవాలి. మార్పించుకున్నాడా, ఆంధ్ర ఇచ్చే సదుపాయాలు పోతాయి. కర్ణాటక ఇచ్చేవి రావాలంటే ఆ రాష్ట్రంలో నివాసం చూపాలి. సైన్యంలో చేరిన రోజు రాసుకున్న ఇంటి చిరునామా ఆంధ్రదైతే మళ్ళీ వివరణ. కేంద్రం ఇచ్చే పెన్షన్‌కు ఈ తేడా లేదు. భూమి, ఇంటి స్థలం, పిల్లల సీట్లు, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగంలో కోటా, ఇవన్నీ మాత్రం రాష్ట్రాల చేతిలో ఉన్నాయి.

అన్నిటికన్నా ఎక్కువ మందిని ఏడిపించేది పేరు. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో కూర్చుని ముందుగానే సరిచేసుకోగలిగిన కష్టం ఇదొక్కటే.

పట్టాళంలో చేరిన కుర్రాడికి పెళ్లవుతుంది. సెలవు మీద వచ్చి పెళ్లి చేసుకుని పోయి, యూనిట్ క్లర్కుకు భార్య పేరు చెబుతాడు. ఉత్తరాది క్లర్కు చెవికి వినబడినట్టు రాసుకుంటాడు. అది పార్ట్ టూ ఆర్డరుగా వెలువడి రికార్డులోకి ఎక్కుతుంది. ఉదాహరణకు ఆ రికార్డులో ఆమె లక్ష్మమ్మ అనుకుందాం. పుట్టింటివాళ్లు పిలిచేది లక్ష్మీదేవి, ఆధార్ కార్డులో అదే ఉంటుంది. బ్యాంకు ఖాతా బళ్ళారిలో తెరిచారు గనుక అక్కడి అలవాటు ప్రకారం ముందు తండ్రి పేరో ఊరి పేరో ఒక అక్షరంగా చేరుతుంది. ఆంధ్ర వైపు రేషన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. పుట్టినతేదీ సంగతి ఇక అడగనక్కర్లేదు, బడికి పోని పిల్లకు ఎవరో అంచనాగా వేసిన సంవత్సరం ఒక్కో కాగితంలో ఒక్కో రకంగా ఉంటుంది. ఆయన బతికున్నంతకాలం ఇదేదీ బయటపడదు. ఆయన పోయిన మర్నెలలో బయటపడుతుంది.

అప్పుడు ఆమె చేయవలసినవి చూడండి. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ దగ్గర అఫిడవిట్. పేపర్లో ప్రకటన. ఆధార్, పాన్, పెళ్లి రుజువు, మరణ ధ్రువపత్రం. వీటి మీద సైనిక సంక్షేమ కార్యాలయం సంతకం. తర్వాత అన్నీ ఆయన పనిచేసిన విభాగం రికార్డు ఆఫీసుకు పంపాలి. మద్రాస్ రెజిమెంటుదైతే నీలగిరుల్లోని వెల్లింగ్టన్, ఆర్టిలరీదైతే నాసిక్, సిగ్నల్స్‌దైతే జబల్‌పూర్, మెడికల్ కోర్‌దైతే లక్నో. ఈఎంఈ, ఆర్డ్‌నెన్స్ వాళ్ల రికార్డులు సికింద్రాబాద్‌లో ఉండటం అదృష్టమే. అక్కడ సరిచేసి ప్రయాగ్‌రాజ్‌కు రాస్తే, వాళ్లు సవరించిన పెన్షన్ ఆర్డరు ఇస్తారు. ఎక్కడైనా ఒక అక్షరం తేడా వస్తే కాగితం తిరిగి ఇంటికి వస్తుంది. జాబులు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటాయి. ఆమెకు వచ్చినవి తెలుగు, కన్నడ మాటలు, రెండింటిలోనూ చదువు లేదు.

భర్త పోయిన కొత్తలో కొన్నేళ్లు ఆఖరి జీతంలో సగం లెక్కన, తర్వాత 30 శాతం లెక్కన కట్టేది ఈ కుటుంబ పెన్షన్. పెద్ద మొత్తం కాదు. అది కూడా నెలల తరబడి చేతికి రాకపోతే ఆ ఇల్లు అప్పులోకి పోతుంది. వడ్డీకి ఇచ్చేవాడు పెన్షన్ పాసుబుక్కు తాకట్టు అడుగుతాడు.

మాజీ సైనికుల సంఘం అసలు పని ఇక్కడుంది. బయటివాళ్లకు సంఘం కనబడేది జెండా రోజుల్లో. జనవరి 14న మాజీ సైనికుల దినం. కొడగు బిడ్డ ఫీల్డ్ మార్షల్ కరియప్ప 1953లో సైన్యం నుంచి విరమించిన రోజు అది. జులై 26న కార్గిల్ అమరులకు పూలమాల. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినం, 1949 నుంచి జరుగుతున్నది. బెరే టోపీ పెట్టుకుని, కోటు మీద పతకాలు తగిలించుకుని వరసగా నిలబడతారు. ఫొటోలు పేపర్లో వస్తాయి. ఒక సభ్యుడు చనిపోతే కబురు అందినవాళ్లంతా పోయి ఆఖరి సెల్యూట్ చేసి, చితి దగ్గర చివరిదాకా నిలబడతారు. ఇవన్నీ అవసరమే, గౌరవం అవసరం. అయితే సంవత్సరంలో మిగిలిన రోజుల్లో వాళ్లు చేసేది గుమాస్తా పని. జీతానికి ఎవరూ ఉండరు. సర్వీసులో క్లర్కుగా చేసి వచ్చిన హవల్దారో, నాయబ్ సుబేదారో కళ్లజోడు పెట్టుకుని ఫారాలు నింపుతాడు. ప్రభుత్వం చేయవలసిన పనిని అరవై, డెబ్బై ఏళ్ల పెద్దవాళ్లు చేతి ఖర్చులు పెట్టుకుని చేస్తున్నారు. ఈ మాట గట్టిగా అనాలి, ఎందుకంటే వాళ్లు అనరు. ఫిర్యాదు చేయడం వాళ్లకు అలవాటు లేని పని.

పెన్షన్ ఉన్నవాడి కష్టం ఇది. పెన్షన్ లేనివాడి సంగతి ఇంకా దిగువ. సిపాయికి పెన్షన్ రావాలంటే పదిహేనేళ్ల సర్వీసు నిండాలి. జబ్బుతోనో, ఇంటి కష్టంతోనో, సైన్యం వద్దనుకుని పంపేయడంతోనో ముందే వచ్చేసినవాళ్లు ఉన్నారు. 2003 ఏప్రిల్‌లో మొదలైన ఈసీహెచ్ఎస్ వైద్య పథకం ప్రధానంగా పెన్షన్ ఉన్నవాళ్లకే. అంటే పెన్షన్ లేని సిపాయికి ముసలితనంలో ఆ పథకం మందు కూడా లేదు. 65 ఏళ్లు దాటిన, హవల్దారు వరకు హోదా ఉన్న అలాంటివాళ్లకు, వాళ్లు పోతే వాళ్ల భార్యలకు రక్షణమంత్రి నిధి నుంచి నెలకు కొంత ఇస్తారు. 2017లో అది 4,000 రూపాయలైంది, 2025 నవంబరు నుంచి 8,000 చేశారు. రెట్టింపు చేయడం మంచి పని. కానీ ఈ సాయం ఉందని తెలియాలి, సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా దరఖాస్తు చేయాలి, డిశ్చార్జి బుక్కు చూపాలి. యాభై ఏళ్ల కింద పెట్టెలో పెట్టిన బుక్కు చెదలు తినేసి ఉంటే మళ్ళీ రికార్డు ఆఫీసుకే రాయాలి. సంఘం వాళ్లు పల్లెలు తిరిగి ఇలాంటివాళ్లను వెతకడం నా దృష్టిలో జెండా పండుగల కన్నా పెద్ద సేవ.

భూమి సంగతికొస్తే సరిహద్దు గీతకు రెండు వైపులా రెండు రకాల బాధ. కర్ణాటకలో 1969 నాటి భూమి మంజూరు నియమాల్లో మాజీ సైనికులకూ సైనికులకూ పదిశాతం కేటాయించారు. కాగితం మీద ఉంది. తహశీల్దారు ఆఫీసుకు పోతే ఇవ్వదగ్గ ప్రభుత్వ భూమి లేదని జవాబు. ఒక పక్క తుంగభద్ర కాలువ కింద నేలకు ధర ఎకరం కొనలేనంతగా పెరిగింది, ఇంకో పక్క సండూరు గనుల కొండలు, అడవి. మధ్యలో సిపాయి దరఖాస్తు ఏళ్ల తరబడి ఫైల్లోనే ఉంటుంది.

ఆంధ్ర వైపు భూమి ఇచ్చారు. మాగాణి అయితే రెండున్నర ఎకరాలు, మెట్ట అయితే అయిదెకరాల వరకు. రాయలసీమ మెట్ట ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. పదేళ్లు దాటితే అమ్ముకోవచ్చని 1993 నాటి జీవో 1117 చెప్పింది. కూతురి పెళ్లికో గుండె ఆపరేషన్‌కో అమ్ముదామని రిజిస్ట్రారు ఆఫీసుకు పోతే, ఆ సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉందంటారు. దాన్ని తీయించడానికి కలెక్టరేట్ దాకా నడవాలి. దేశం ఇచ్చిన భూమి మీద హక్కు రుజువు చేసుకోవడానికే వయసు అయిపోతోంది. బళ్ళారిలో కాపురముంటూ ఆలూరు పక్కన పొలం ఉన్నవాడికి కర్నూలు తిరుగుడు అదనం. ఇక్కడ బళ్ళారి సంఘం చేయగలిగింది ఏమీ లేదు. పొరుగు రాష్ట్రం రెవెన్యూ అధికారికి బళ్ళారి సంఘం ఉత్తరం లెక్కలోకి రాదు.

పిల్లల చదువు ఇంకో ముడి. ఆంధ్రలో రాజ్యాంగం 371-డి అధికరణ కింద స్థానికత లెక్క వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి. కాలేజీ సీట్లలో 85 శాతం స్థానికులకే. కర్ణాటకలో సాధారణ నియమం ఏడేళ్ల చదువు. హాలహర్వి సిపాయి కూతురు ఎనిమిదో తరగతి దాకా పఠాన్‌కోట్‌లో, జోధ్‌పూర్‌లో తండ్రి వెంట కేంద్రీయ విద్యాలయాల్లో చదివి, తొమ్మిది నుంచి పన్నెండు దాకా దగ్గరగా ఉందని బళ్ళారిలో చదివిందనుకోండి. ఆంధ్రలో స్థానికురాలు కాదు. కర్ణాటక సాధారణ లెక్కకు ఏళ్లు చాలవు. సైనికుల పిల్లలకు రెండు చోట్లా ప్రత్యేక క్లాజులు ఉన్నాయి, వాటికి కావలసిన సర్టిఫికెట్లు వేరు, గడువులు వేరు, సంతకం పెట్టే అధికారి వేరు. ఫలితాలు వచ్చిన వారంలో ఇవన్నీ పోగు చేయాలి. ఆ వారంలో సంఘం వాళ్ల ఫోన్లు మోగుతూనే ఉంటాయి. ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో తెలిసిన మనిషి ఊళ్లో ఒకరుండటం ఎంత ధైర్యమో అప్పుడు తెలుస్తుంది.

ఇంకొక్కటి. సర్వీసు విషయంలో అన్యాయం జరిగిందని కోర్టుకెక్కాలంటే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది, 2009లో పని మొదలుపెట్టింది. కర్ణాటకవాడి కేసు కొచ్చి బెంచ్ పరిధిలోకి వస్తుంది, ఆంధ్రవాడిది చెన్నైకి పోతుంది. అన్నదమ్ములిద్దరూ ఒకే రెజిమెంటులో చేసి వచ్చి, అన్న బళ్ళారిలో తమ్ముడు ఆలూరులో ఉంటే ఇద్దరికీ ఒకే అన్యాయం మీద వేర్వేరు ఊళ్లలో వకీళ్లు. వైకల్య పెన్షన్ కోసం కాలు లాగుతున్న మనిషి వీటిలో ఏ ఊరికి పోగలడు?

ఉద్యోగాల సంగతి క్లుప్తంగా చెబుతాను. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి పోస్టుల్లో మాజీ సైనికులకు పది శాతం, బ్యాంకు గుమాస్తా పోస్టుల్లో పద్నాలుగున్నర శాతం కోటా ఉంది. అది పూర్తిగా నిండదు. పదో తరగతితో పోయి, ఇరవై ఏళ్లు తుపాకీ పట్టి వచ్చినవాడు కుర్రాళ్లతో కలిసి కంప్యూటర్ పరీక్ష రాయాలి కదా. చివరికి ఏటీఎం ముందో, గని గేటు దగ్గరో, ఉక్కు ఫ్యాక్టరీ గోడ పక్కనో సెక్యూరిటీ పని చేస్తాడు. ఆ పనిలో చిన్నతనం లేదు. అయితే వైర్‌లెస్ సెట్టు విప్పి బాగుచేయగలిగినవాడి నేర్పు గేటు దగ్గర వాహనాల నంబర్లు రాయడంలో అయిపోవడం జిల్లాకే నష్టం.

ఇప్పటిదాకా చెప్పింది పాత తరం కథ. కొత్త తరం ముంచుకొస్తోంది. 2022లో తెచ్చిన అగ్నిపథ్ కింద చేరిన మొదటి అగ్నివీరులకు నాలుగేళ్లు 2026 చివరి నుంచి నిండుతున్నాయి. నలుగురిలో ఒకరినే ఉంచుకుంటారు. బయటికి వచ్చేవాళ్లకు సేవానిధి కింద దాదాపు 11.71 లక్షల రూపాయలు వస్తాయి. పెన్షన్ లేదు, ఈసీహెచ్ఎస్ లేదు, మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. అంటే ఆ ఇరవై అయిదేళ్ల కుర్రాడు సైనిక సంక్షేమ కార్యాలయం గడప ఎక్కినా ఏ పద్దు కింద రాసుకోవాలో తెలియని స్థితి. 2025 మేలో దేశ సరిహద్దు కాల్పుల్లో ప్రాణమిచ్చిన మురళీ నాయక్ కూడా అగ్నివీరుడే, కర్ణాటక గీతకు దగ్గరగా ఉన్న గోరంట్ల మండలం కల్లితండా బిడ్డ. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ కుటుంబానికి 50 లక్షల రూపాయలు, అయిదెకరాల భూమి, 300 గజాల స్థలం ప్రకటించింది, అది న్యాయం. కానీ మిగతా సైనికుల కుటుంబాలకు దక్కే జీవితకాల కుటుంబ పెన్షన్ అగ్నివీరుడి తల్లిదండ్రులకు లేదు. మరణంలో తేడా లేనప్పుడు పెన్షన్‌లో తేడా ఎందుకన్న ప్రశ్నకు ఢిల్లీ సరైన జవాబు చెప్పలేదని నా అభిప్రాయం. ఈ కుర్రాళ్లు తిరిగొచ్చాక మొదట తట్టేది ఊళ్లోని సంఘం తలుపే. సంఘాలు తమ నియమావళి మార్చుకుని వాళ్లను ఇప్పుడే సభ్యులుగా తీసుకోవాలి.

అడగవలసింది పెద్ద కోరికేమీ కాదు. నెలకొకసారి, ఒకే రోజు, బళ్ళారిలో కర్ణాటక, ఆంధ్ర రెండు రాష్ట్రాల సైనిక సంక్షేమ అధికారులూ ఒకే గదిలో కూర్చోవాలి. కర్నూలు, అనంతపురం జిల్లాల రెవెన్యూ మనిషి ఒకరు, స్పర్శ్ లాగిన్ ఉన్న మనిషి ఒకరు వాళ్ల పక్కన ఉండాలి. హాలహర్వి అవ్వ వంద కిలోమీటర్లు పోకుండా తన కాగితం అక్కడే ఇచ్చి రసీదు తీసుకోవాలి. తుంగభద్ర నీళ్ల కోసం రెండు రాష్ట్రాలూ ఒక బోర్డులో ఇన్నేళ్లుగా కూర్చుంటున్నాయి. సైనికుడి కోసం నెలకొక పూట కూర్చోలేవా? ఈ జిల్లాల కలెక్టర్లు ఒక ఉత్తరం రాసుకుంటే మొదలయ్యే పని ఇది, చట్టం మార్చనక్కర్లేదు.

అది జరిగేదాకా ఒక మాట. మీ ఇంట్లోనో మీ వీధిలోనో పట్టాళం నుంచి వచ్చినాయన ఉంటే ఈ ఆదివారం ఆయన పక్కన కూర్చోండి. డిశ్చార్జి బుక్కు, పెన్షన్ ఆర్డరు, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు నాలుగూ ముందు పరిచి, భార్య పేరూ పుట్టినతేదీ నాలుగింటిలోనూ ఒకటేనా అని చదివి చూడండి. తేడా ఉంటే ఆయన ఉండగానే, ఆయన సంతకంతోనే, దగ్గరి సంఘం సాయంతో రికార్డు ఆఫీసుకు రాయించండి. పదో తరగతి చదువుతున్న పిల్ల కూడా చేయగల పని ఇది.